కనకాంబరం ఇంటికి మ్యాచింగ్ పూలు

ఆ రోజుల్లో రంగులు ఫోన్లలో వచ్చేవి కావు. చీరను పాలిథిన్ కవర్లో పెట్టుకుని, ఎండలో బస్సు దిగి, కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆడవాళ్లు స్వయంగా దుకాణానికి వచ్చేవారు. ఇప్పుడు నా దుకాణానికి వచ్చేవాళ్లు ఫోన్ తీసి "అక్కా, ఇదే రంగు" అని చూపిస్తారు. ఆ ఫోన్లో వెలుతురు పెంచితే ఒక రంగు, తగ్గిస్తే ఇంకో రంగు. చీర తీసుకురమ్మంటే నన్ను ఏదో పాతకాలపు మనిషిని చూసినట్టు చూస్తారు. (ముప్పై దాటీ దాటకుండానే పాతకాలంలో కలిసిపోతానని నేను మాత్రం అనుకున్నానా?) అలా చూసినప్పుడల్లా నాకు పందొమ్మిదేళ్ల వయసులో నేను చేసిన ఒక మ్యాచింగ్ గుర్తుకొస్తుంది. అంత చక్కటి మ్యాచింగ్ నేను మళ్లీ ఎన్నడూ చేయలేదు. అంత పాడు పనీ చేయలేదు.

ఇంటర్ రెండో ఏడు ఇంగ్లీషులో తప్పాను. మళ్లీ పరీక్ష రాసేదాకా ఇంట్లో కూర్చుంటే అన్నం అరగదని మా అమ్మ నన్ను భద్రాచలంలో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనికి పెట్టింది. మ్యాచింగ్ సెంటర్ అంటే ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మగవాళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. చీరకు తగ్గ జాకెట్ గుడ్డ, లైనింగు, అంచుకు కుట్టే ఫాలు, దారం రీలు అమ్మే దుకాణం. ఎరుపు అని మీరు ఒక్క మాటలో తేల్చేసే రంగుకు మా దగ్గర ఒక గోడంతా అరలుండేవి. మా సేటు (సేటంటే మార్వాడీ కాదు, పాల్వంచ మనిషే. దుకాణం ఉన్న ప్రతివాడూ మాకు సేటే) చేరిన రోజే నాకు ఉపదేశం చేశాడు. ట్యూబులైటు కింద ఏ రంగునూ నమ్మకూడదు, చీరను వాకిట్లోకి తెచ్చి ఎండలో చూడాలి. "చీర మీద గుడ్డ పెడితే అతుకు యాడున్నదో కనపడొద్దు. గదీ మ్యాచింగ్ అంటే" అన్నాడు. నాకు చదువు అబ్బలేదు గానీ ఇది మాత్రం ఇట్టే అబ్బింది. వానలు మొదలయ్యేసరికి నాకు మ్యాచింగ్ జబ్బు పట్టుకుంది. మా ఊరు సారపాక నుంచి గోదావరి బ్రిడ్జి మీదుగా ఆటోలో వస్తూ పోతూ ఎదుటి వాళ్ల చీరకూ జాకెట్టుకూ మార్కులు వేసేదాన్ని. పక్కింటి వాళ్ల గేదెకు కట్టిన పలుపు దాని ఒంటికి నప్పలేదని వాళ్ల మొహం మీదే చెప్పి తిట్లు కూడా తిన్నాను.

ఇక మా పెద్దనాన్న సంగతి. మా అమ్మ వాళ్ల అక్క భర్త. మణుగూరులో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్లకు పిల్లల్లేరు, ఆ ఇంట్లో పిల్ల అంటే నేనే. బతుకంతా కంపెనీ క్వార్టర్లో గడిపారు. క్వార్టరుకు కంపెనీ ఏ సున్నం వేస్తే అదే రంగు, మన ఇష్టం అంటూ ఉండదు. అందుకే ఆయన పనిలోంచి దిగిపోగానే సారపాక దాటాక మణుగూరు రోడ్డు మీద, జామాయిల్ తోటను ఆనుకుని కాస్త జాగా కొని రెండు గదుల ఇల్లు కట్టాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి మొండికేశాడు. "బాయిల దిగినన్నొద్దులు నలుపే చూసిన. నా ఇల్లు గంత దూరం నుంచే కండ్లకు కొట్టాలె" అని, పెద్దమ్మ కొప్పులోంచి ఒక కనకాంబరం పువ్వు తుంపుకుని, జేబురుమాలులో చుట్టుకుని రంగుల దుకాణానికి పోయాడు. ఆ పువ్వు పక్కన పెట్టి రంగు కలిపించాడు. దుకాణం వాడు ఆరంజి అన్నాడట. ఈయన ఆరంజి కాదు, కనకాంబరం అని వాడిచేత డబ్బా మీద రాయించి మరీ తెచ్చాడు.

ఇంటికి ఆ రంగు వేశాక చుట్టుపక్కల వాళ్లకు కొన్నాళ్లు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది. ఇల్లా, లారీ క్యాబినా అన్నారు. మిఠాయి కొట్టు పెడుతున్నారా అని అడిగారు. చివరికి బస్సు కండక్టర్లు కూడా "కనకాంబరం ఇల్లు దిగేటోళ్లు ముంగటికి రాండ్రి" అని పిలవడం మొదలుపెట్టారు. పెద్దనాన్నకు ఆ పిలుపు వినబడితే చాలు, ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. లోకంలో ఎవరైనా వాకిట్లో మంచం వేసుకుంటే రోడ్డు వైపు మొహం పెట్టి పడుకుంటారు. ఆయన గేటు పక్కన వేపచెట్టు కింద నులక మంచం వేసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, ఇంటిని చూస్తూ కూర్చునేవాడు. అదేందయ్యా అంటే, కట్టుకున్నది చూసుకోవడానికి కాదా అనేవాడు.

ఆ చూసుకోవడానికే తిప్పలొచ్చింది. సుగరు ఆయన కళ్ల మీద పడింది. ఖమ్మంలో కంటి దవాఖానాకు తీసుకెళితే, లోపలి పొర పాడైంది, పోయిన చూపు తిరిగి రాదు, సూదిమందు మానకుండా వేసుకుంటే ఉన్నదాన్ని కొన్నాళ్లు నిలబెట్టుకోవచ్చు అన్నారు. తిరిగొచ్చాక ఆయన ఈ సంగతి ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. కాసేపటికి ఆయనే పిలిచి, ఇంటి ముందు పూలచెట్లు పెట్టమన్నాడు. "చూపు ఉండంగనే నా ఇల్లు పూలతోటి ఒక్కపారి చూస్కుంట" అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. పెద్దమ్మ బంతి నారు పోస్తానంది. మందారమైతే పూజకు పనికొస్తుందంది. ఆయన రెండూ కాదని నా వైపు తిరిగి, మన ఇంట్లోనే మ్యాచింగ్ మేడం ఉండగా ఊరందరి సలహా ఎందుకు, ఇంటికి ఏ పూలు నప్పుతాయో మన పిల్లే చెబుతుంది అన్నాడు. నా జన్మలో నన్ను ఎవరైనా సలహా అడిగింది అదే మొదలు.

మిగిలిన రంగు డబ్బాలో ఒక గుడ్డపేలిక ముంచి, ఎండలో ఆరబెట్టి, శాంపిల్ ముక్కగా పర్సులో పెట్టుకుని భద్రాచలంలో నర్సరీకి పోయాను. ప్రతి పువ్వు పక్కనా ఆ పేలిక పెట్టి చూశాను. నీడలో పెట్టి ఉన్న కుండీలను ఎండలోకి మోయించాను. నందివర్ధనం తెలుపు, పనికిరాదు. బంతి పసుపు ఎక్కువైంది. మందారం ఎరుపు మరీ ముదురు. నర్సరీ ఆయన నా వెనకాలే కుండీలు మోసి మోసి, "అమ్మా, నువ్వు పూలు కొంటున్నవా, పూలకు జాకెట్ కుట్టిస్తున్నవా?" అని అడిగాడు. నేను నవ్వలేదు. వృత్తిలో ఉన్నవాళ్లు నవ్వకూడదు. చివరికి ఒక మూల కనకాంబరం మొక్కలు కనిపించాయి. పేలిక పక్కన పెట్టాను. అతుకు కనపడలేదు. కనపడుతుందా మరి, పువ్వును చూపించి కలిపిన రంగుకు మళ్లీ అదే పువ్వును వెతుక్కుంటూ పోయాను నేను. అయినా ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంటర్ పాసైనా కలిగేది కాదు. ఆటోలో మొక్కలన్నీ కాళ్ల దగ్గర పెట్టుకుని, బ్రిడ్జి మీద గాలికి ఆకులు చినగకుండా చున్నీ కప్పి తెచ్చాను.

గోడ పొడుగునా వరసగా నాటాం. వానలు బాగా పడ్డాయి, మొక్కలు నిలదొక్కుకున్నాయి. పెద్దమ్మ ఎండిన వెన్నులను గోటితో గిల్లేస్తూ, పేడ ఎరువు వేస్తూ పసిపిల్లలను సాకినట్టు సాకింది. వినాయకచవితి దాటేసరికి గుత్తులు గుత్తులుగా విరగబూశాయి. సెలవు రోజున పోయి, ఒక గుత్తిని గోడకు ఆనించి చూసి, మా సేటు ఇక్కడ ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

పెద్దనాన్న మంచం మీద నుంచి, "ఇంక పూత పట్టలే?" అని అడిగాడు. పూసినయ్ గదయ్యా, కండ్ల ముందే ఉన్నయ్ అంది పెద్దమ్మ. ఆయన తల అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచెయ్యి కనుబొమల మీద అడ్డం పెట్టుకుని చూశాడు. "పచ్చగ చెట్లు ఆనుతున్నయ్. పూలు ఆనుతలేవు" అన్నాడు. నేనూ పూశాయనే చెప్పాను. ఎంత బాగా పూశాయో, రంగు ఎంత కుదిరిందో చేతులు తిప్పుతూ వర్ణించాను. నేను వర్ణిస్తున్న కొద్దీ ఆయన మొహం చిన్నబోతూ వచ్చింది. నాకు అది అర్థం కాలేదు, ఇంకా బాగా వర్ణించాను.

తర్వాతి సారి పోయేసరికి ఆయన పూల మాట ఎత్తడం మానేశాడు. మంచం వేపచెట్టు కింది నుంచి గుమ్మం పక్కకు జరిగి, రోడ్డు వైపు తిరిగి ఉంది. ఇల్లు చూడవా పెద్దనాన్నా అంటే, "ఎటు జూసినా ఒకటే గద బిడ్డా ఇగ" అన్నాడు. నేను లోపలికి పోతే పెద్దమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూపు ఇక పోయినట్టేనని ఆయన తేల్చుకున్నాడట. పూలు పూశాయంటే కూడా తనను ఊరడించడానికి అబద్ధం చెబుతున్నామనుకుంటున్నాడట. "పోయిన కండ్లకు సూదెందుకు అంటుండు. పొద్దుగాల సూది కూడ ఏస్కోలే" అంది. అంతవరకు మా పెద్దమ్మ ఏడవగా నేను చూడలేదు. ఆ మనిషి ఏడిస్తే కూడా చప్పుడు రాకుండా ఏడ్చింది, వాకిట్లో ఆయనకు వినబడుతుందని.

నాకు ఏం చేయాలో తోచక వాకిట్లోకి వచ్చి వేపచెట్టు కింద, ఇదివరకు ఆయన మంచం ఉండే చోట కూలబడ్డాను. తల ఎత్తి ఇంటిని చూశాను. ఇల్లు ఉంది. గోడ కింద పచ్చటి మొక్కలు ఉన్నాయి. పూలు లేవు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. కాస్త మసగ్గా కళ్లు చికిలించి చూస్తే మొక్కల పైన ఉన్నదంతా గోడే. నా కళ్లకు ఏ రోగమూ లేదు, జబ్బల్లా ఆ మ్యాచింగులో ఉంది. ఇన్నాళ్లూ మేం పూలను దగ్గర నిలబడి చూశాం. చూడాల్సిన మనిషి కూర్చునే చోటు నుంచి ఎవరమూ చూడలేదు.

పరుగెత్తుకెళ్లి ఆయనకు చెప్పాను. తప్పు నీ కళ్లది కాదు, నాది, రంగులో రంగు కలిసిపోయింది అన్నాను. ఆయన నా తల నిమిరి, నన్ను ఊకోబెట్టడానికి చెప్తున్నవ్ లే అన్నాడు. ఒక గుత్తి తెంపి చేతిలో పెడితే, తడిమి చూసి, మీ పెద్దమ్మ కొప్పులోంచి తెచ్చినవా అన్నాడు. మనిషి ఒకసారి నమ్మకం పోగొట్టుకుంటే నిజం కూడా ఆయనకు ఊరడింపులాగే వినబడుతుంది.

అప్పుడు బతుకమ్మ రోజులు. చేల గట్ల మీద, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు తెల్లగా విరగబూసి ఉంది. మా వైపు గునుగును తెల్లగా ఎవరూ పేర్చరు, కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచి పేరుస్తారు. పూలకు రంగులు వేసుకునే అలవాటున్న వాళ్లం, పూయని రంగు కోసం ఏడవడమెందుకు అనిపించింది. మా దుకాణంలోకి అప్పుడప్పుడే 'కాంట్రాస్ట్' అనే మాట వచ్చింది. పెళ్లికూతుళ్లు నారింజ చీర తెచ్చి నీలం జాకెట్ అడుగుతుంటే మా సేటు తలకొట్టుకునేవాడు. నేనూ ఆయనతో పాటు కొట్టుకునేదాన్ని. ఆ రోజు మాత్రం సేటుకు మనసులోనే ఒక దండం పెట్టి, అంగట్లో నీలం రంగు పొడి కొన్నాను. ఇంత పొడి చాలు అంటే వినకుండా ఇంకాస్త వేసి, పెద్దమ్మ అన్నం వండే గంజు పాడుచేసి, గునుగు కట్టలన్నీ నీలం చేశాను. మోచేతుల దాకా నేనూ నీలమయ్యాను. తెల్లవారి ఆయన బహిర్దెసకు పోయి వచ్చేలోపు పెద్దమ్మా నేనూ కూర్చుని, కనకాంబరం కొమ్మ కొమ్మకూ గునుగు వెన్నులను దారంతో కట్టాం. అమ్మవారికి పెట్టాల్సిన పూలు చెట్లకు కడుతున్నామే అని పెద్దమ్మ గొణుగుతూనే ఉంది. గొణుగుతూనే నాకంటే జల్దీగా కట్టింది.

ఆయన వచ్చాడు. మంచం మళ్లీ వేపచెట్టు కింద ఇంటి వైపు తిప్పి ఉండటం చూసి విసుక్కుంటూనే కూర్చున్నాడు. మేమిద్దరం వాకిలి ఊడుస్తున్నట్టు, ఏమీ ఎరగనట్టు ఉన్నాం. (నీలం చేతులతో ఏమీ ఎరగనట్టు ఉండటం ఎంత కష్టమో చేసిన వాళ్లకు తెలుస్తుంది.) ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత మెడ ముందుకు చాపాడు.

"గోడ పొంటి నీలంగ ఏందే గది?"

పెద్దమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆయన లేచి, చేతులు ముందుకు పెట్టుకుని, తడబడకుండా నేరుగా ఆ నీలం దగ్గరికే నడిచాడు. వంగి ఒక వెన్ను పట్టుకున్నాడు. వేళ్లతో రుద్దాడు, కిందికి తడుముకుంటూ పోయి దారం ముడి పట్టుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని నేను దగ్గరికి పోయాను. నవ్వుతున్నాడు. "కనకాంబరం చెట్టుకు గునుగు పూసిందే, మ్యాచింగ్ మేడం" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక గోడ పట్టుకుని నిలబడి, "మోసం కనపడ్డదంటే చూపున్నట్టే గద బిడ్డా" అన్నాడు. లోపలికి పోయి సూది తెమ్మని పెద్దమ్మను పిలిచాడు. నేను చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను.

ఆ మధ్యాహ్నం వాన పడింది. అంగట్లో కొన్న రంగు వానకు ఆగుతుందా, నీలమంతా కారి, గాలికి కొమ్మలు గోడకు రాసుకుని, కనకాంబరం గోడ నిండా చారలు పడ్డాయి. నారింజ మీద నీలం పడితే ఏ రంగవుతుందో మా దుకాణంలో దానికి అర లేదు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. నేను రంగు వేయిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకు గోడ మీద నాకు ఆనేది ఒకటి దొరికింది, దాన్ని తుడుస్తరా అన్నాడు. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ చారలు చూపించి, ఇది కాంట్రాస్టు, మా పిల్ల చేసింది అని పరిచయం చేసేవాడు. వాళ్లు నా వైపు జాలిగా చూసేవారు.

సూదులు వేసుకున్నాడు, పథ్యం చేశాడు. అయినా చూపు వెళ్లిపోయింది. ఒక్కసారిగా పోలేదు, దీపంలో నూనె అయిపోయినట్టు మెల్లగా పోయింది. మొదట రోడ్డు మీది మనుషులు పోయారు, తర్వాత మొక్కలు పోయాయి, ఎండాకాలం వచ్చేసరికి ఆ చారలు కూడా పోయాయి. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఒకరోజు చారల మాట ఎత్తకుండా చుట్టాన్ని సాగనంపితే పెద్దమ్మే గ్రహించింది. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. కనకాంబరానికి వాసన ఉండదు. మల్లె పెట్టి ఉంటే కళ్లు లేకపోయినా ముక్కుకైనా తెలిసేది. ఏరి ఏరి, ఎండలో పెట్టి చూసి చూసి, కంటికీ ముక్కుకూ దేనికీ అందని పువ్వును ఆ మనిషికి తెచ్చిపెట్టాను. కనకాంబరాలు పీకేసి మల్లె పెడదామని మొక్కలు కొని తెచ్చాను కూడా. ఉన్న చెట్లు పీకొద్దని ఆయన అనడంతో మల్లెమొక్కలు వెనక పెరట్లో పెట్టాం, అడవి పందులు వచ్చి తవ్విపోశాయి.

ఆయన చూపు పోయినప్పటి నుంచి పెద్దమ్మకు చెట్ల మీద ధ్యాస పోయింది. నీళ్లైతే పోసేది గానీ ఎండిన వెన్నులు గిల్లడం మానేసింది. పూసిన పువ్వులన్నీ ఎండు కాయలై చెట్ల నిండా నిలిచిపోయాయి. ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఎండకు ఆకులు వాలిపోయాయని పెద్దమ్మ చెంబుతో మొదట్లో కాకుండా చెట్ల మీదుగా నీళ్లు చల్లింది. కాసేపటికి టప్ మని ఒక చప్పుడు. తర్వాత ఇంకోటి. తర్వాత గోడ పొడుగునా టపటపా మొదలైంది. తడి తగిలితే కనకాంబరం ఎండుకాయ పగిలి గింజలు చిమ్ముతుంది. చిన్నప్పుడు మేం వాటిని నోట్లో తడిపి ఒకరి మీద ఒకరం వేసుకునేవాళ్లం, నాకు ఆ సంగతే గుర్తులేదు. గింజలు గోడకు తగిలి రాలుతున్నాయి.

మంచం మీద పెద్దనాన్న తల ఇటు తిరిగింది. గోడ ఆ మూల నుంచి ఈ మూల దాకా చప్పుడు ఎటు పోతే ఆయన మొహం అటు తిరిగింది, వరసగా ఒక్కో చెట్టునూ చూస్తున్నట్టు. చప్పుడు పలచబడ్డాక మెల్లగా అన్నాడు.

"పూసినయ్ పూసినయ్ అంటే మీ మాట నమ్మలే. అవ్, మస్తు పూసినయ్ బిడ్డా."

ఆ తర్వాత పెద్దమ్మ ఎండు వెన్ను ఒక్కటి కూడా గిల్లలేదు. రోజూ పొద్దు వాలే వేళకు ఆయన మంచం ఇంటి వైపు తిప్పించుకునేవాడు, ఆమె చెట్ల మీదుగా నీళ్లు చల్లేది. కాయలు పగిలిన రోజు పగిలేవి, లేని రోజు లేదు. ఆయన పోయేదాకా అదే సాగింది. ఆయన పోయిన రోజున వాన పడుతోంది. వాకిట్లో ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటే గోడ కింద చెట్లు వాటి పాటికి అవి టపటపమంటూనే ఉన్నాయి. పెద్దమ్మ ఏడుపు ఆపి అటు వింది.

ఈ మధ్య ఇంటికి కొత్తగా రంగు వేయించాల్సి వస్తే పెద్దమ్మ నన్నే పిలిచింది. నాకు ఇప్పుడు సొంత దుకాణం ఉంది, కాంట్రాస్టులో నాకు పేరు కూడా ఉంది. చీర, జాకెట్ గుడ్డ ఎండలో పెట్టి చూపించడమే కాదు, ఆడవాళ్లను రోడ్డు అవతలికి తీసుకుపోయి, ఎదుటివాళ్లు చూసే చోటు నుంచి చూడమంటాను. చాదస్తం అని విసుక్కుంటారు, విసుక్కుంటూనే వస్తారు. అంత అనుభవజ్ఞురాలిని కాబట్టి రంగుల పుస్తకమంతా తిరగేసి, బాగా ఆలోచించి, చెట్టు నుంచి ఒక కనకాంబరం తుంపి రంగులాయన చేతిలో పెట్టాను. గోడ మీద పాత చారల దగ్గర మాత్రం, కిటికీ కింద జానెడు మేర రంగు వేయకుండా వదిలేయమంది పెద్దమ్మ. రంగులాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి పని చేసుకుపోయాడు.

పని అయిపోయాక వేపచెట్టు కింద ఆయన మంచం మీద కూర్చుని చూశాను. చెట్లు విరగబూసి ఉన్నాయి, ఒక్క పువ్వు కనిపిస్తే ఒట్టు. చున్నీ కప్పి ఆటోలో ఆ మొక్కలను తెచ్చిన పిల్ల, పర్సులో రంగు పేలికతో, అతుకు కనపడలేదని మురిసిపోయిన పిల్ల, ఎంత గొప్పగా నడిచి వచ్చిందో ఈ గేటులోంచి. దానికి ఏమైనా చెప్పాలనిపించింది గానీ నవ్వి ఊరుకున్నాను. పెద్దమ్మ చెంబు తీసుకుని వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.